గుమాస్తా చేతికి మొత్తం గుత్తి

కొన్నేళ్లుగా నా గుండెల మీద ఒక ఇత్తడి అండా కూర్చుని ఉంది. పెళ్లిళ్లలో సాంబారు కాచే అండా. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గాని లేవనిది. ఇది అలంకారం కోసం అంటున్న మాట కాదు. నేను చేసిన తప్పులో నిజంగానే ఒక అండా ఉంది, అందులో నిజంగానే సాంబారు ఉంది. సాంబారు చల్లారి చాలా కాలమైంది. బరువు మాత్రం దిగలేదు.

మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఈ ఏర్పాటు నాకు బాగుంది. మా వంశంలో ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. చెప్పుకోవలసిన పనులు చేయలేదని కాదు, అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

మాది తమిళనాడులోని తిరుత్తణి. అక్కడ మా తాతగారికి బియ్యం మండీ ఉండేది. ఆయనకు వ్యాపారం కంటే పేరు మీద మక్కువ ఎక్కువ. ఊళ్లో ఎవరింట పెళ్లయినా వంట పాత్రలు మా ఇంటి నుంచే వెళ్లేవి, అద్దె లేకుండా. ప్రతి పాత్ర అంచు మీదా ఆయన పేరు తెలుగు అక్షరాల్లో చెక్కించి ఉండేది. ఎవరి పెళ్లి భోజనం తిన్నా జనం తన పేరు చదువుకుంటూ తినాలని ఆయన కోరిక. పాత్రలు వంటశాలలోనే ఉండిపోతాయనీ, అంచు మీద పేరు వంటవాళ్లు తప్ప ఎవరూ చూడరనీ ఆయనకు తట్టినట్టు లేదు.

మండీ పోయింది. ఇల్లు పోయింది. చివరికి మిగిలిన ఆ పాత్రల్ని మా నాన్నగారి కాలంలో ఒకాయన కొన్నాడు. అంతకుముందు తోపుడు బండి తెచ్చుకుని మా గుమ్మం ముందు నిలబడి అవే పాత్రలు అడిగి తీసుకెళ్లినవాడే. వాటితో అద్దె కొట్టు పెట్టాడు. షామియానాలు చేరాయి, కుర్చీలు చేరాయి, జెనరేటర్లు చేరాయి. ఇప్పుడు తిరువళ్లూరులో పెద్ద గోడౌను, తిరుత్తణిలో బ్రాంచి, లారీలు. నడిపేది ఆయన కొడుకు. అందరూ ఆయన్ని తమిళంలో ముదలాళి అంటారు, యజమాని అని. నేను ఆ గోడౌనులో మేనేజరును. మా తాతగారు ఊరికే ఇచ్చిన పాత్రల్ని అద్దెకు పంపడం నా ఉద్యోగం.

నేను మాత్రం ఆయన ఎదుట ముదలాళి అనను. నోరు రాదు. పేరు పెట్టి పిలిస్తే ఉద్యోగం ఉండదు. అందుకని ఏ పిలుపూ అవసరం లేని వాక్యాలు కట్టుకుంటూ ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. లారీ వచ్చింది. పూండి పార్టీ ఫోను చేశారు. వాన పట్టేలా ఉంది. వినడానికి తేలికే. ఒక రోజు ప్రయత్నించి చూడండి.

అలాంటి రోజుల్లో కంపెనీకి ఏఐ ఏజెంటు వచ్చింది. సామాను అద్దెకు అడిగే పార్టీలు పంపే మెసేజీలు చదవడం, గోడౌనులో ఏమున్నాయో చూడడం, ఏ లారీ ఎక్కడికి వెళ్లాలో రాసి డ్రైవర్ల ఫోన్లకు పంపడం దాని పని. కుర్రవాళ్లు దాన్ని తంబి, అంటే తమ్ముడు, అని పిలిచేవారు. నాకు అది మర్యాదగా తోచలేదు. నేను గుమాస్తా అన్నాను. అనగానే నా వెన్ను, అసలే నిటారుగా ఉండేది, ఇంకొంచెం నిటారయింది. మా ఇంటికి మళ్లీ ఒక గుమాస్తా వచ్చాడు.

పైగా అది నాతో తెలుగులో రాసేది. మా ఆఫీసులో తెలుగు మాట్లాడేవాళ్లు సగం మందికి పైనే. చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, మిగతావాళ్లకి తమిళ అక్షరాలే వచ్చు. అది నన్ను గారు అనేది. తమరు అనేది. ఈ జిల్లాలో నన్ను తమరు అన్న ఆఖరి మనిషి మా నాన్నగారి మంగలి. ఆయన పోయి చాలా కాలమైంది.

దాన్ని కూర్చిపెట్టింది సుగుణ అనే అమ్మాయి. కవరైపేట్టై నుంచి రైల్లో వచ్చేది. అక్కడి ఫ్యాక్టరీలో లైను మీద నిలబడి షిఫ్టులు చేస్తూ, మిగిలిన వేళల్లో కంప్యూటరు చదువు చదివి, ఈ ఉద్యోగంతో మొదటిసారి కుర్చీలో కూర్చుంది. వచ్చిన రోజే నన్ను మామా అంది. నాకు అక్కచెల్లెళ్లు లేరు. ఆ మాటే ఆమెకు గంభీరంగా చెప్పాను. పోనీలే మామా అంది.

గుమాస్తా చేతికి ఏమేమి ఇవ్వాలో, ఏమేమి ఇవ్వకూడదో సుగుణ మొదటి రోజే తేల్చి పెట్టింది. అది అన్నీ చూడవచ్చు. ఆర్డరు రాసి పెట్టవచ్చు. కాని నేను చూసి సరే అని నొక్కేదాకా ఆ ఆర్డరు డ్రైవరుకు చేరదు. బయటికి వెళ్లిన సామాను వెనక్కి పిలిచే అధికారం దానికి అసలే లేదు. తెలివి ఉన్నదాన్ని ఎందుకిలా కట్టేశావని అడిగాను. దాని తెలివి మీద అనుమానం లేదంది. అది ఏదో ఒక రోజు తప్పుగా అర్థం చేసుకుంటుంది, ఆ రోజు అది ఎంత దూరం పోగలదో మనమే ముందు గీత గీసి పెట్టుకోవాలంది. పనికి ఎంత కావాలో అంతే ఇవ్వాలంది. నాకది పిసినారి మాటలా వినిపించింది.

మొదట్లో సరే నొక్కడం బాగుండేది. ప్రతి నొక్కుకూ తాతగారు తల ఊపినట్టుండేది. ముహూర్తాల రోజులు వచ్చేసరికి గరిటెలకు కూడా అనుమతి అడగడం మొదలుపెట్టింది. స్నానంలో ఉన్నా ఫోను మోగేది. అయినా నన్ను బాధించింది ఆ మోత కాదు. అప్పుడప్పుడూ నేను ఏదైనా చెయ్యమంటే అది ఇలా రాసేది: క్షమించండి, ఈ పని చేసే అధికారం నాకు లేదు. ఆ వాక్యం చూసినప్పుడల్లా నాకు ఎక్కడో గుచ్చుకునేది. అన్నీ తెలిసి, అన్నీ చూస్తూ, ఏదీ కదపలేని స్థితి. మంచి భాష. వంగని మర్యాద. అధికారం లేదు. ఆ వాక్యం నేను రాసినట్టే ఉండేది. అది జాలా, అద్దంలో చూసుకోవడమా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. ఆయుధ పూజ నాడు త్రాసులకు, బండ్లకు పసుపు కుంకుమలు పెట్టాక, మా తాతగారు తాళాల గుత్తిని వెండి పళ్లెంలో తమలపాకుల మీద ఉంచి గుమాస్తాకు అందించేవారట. మండీ తాళం, గిడ్డంగి తాళం, ఇనప్పెట్టె తాళం, చివరికి పూజగది తాళం కూడా. ఒక్క తాళంచెవి విడదీసి ఇవ్వడమంటే ఆ మనిషి ముఖం మీదే దొంగ అన్నట్టని ఆయన నమ్మకం. ఇస్తూ ప్రతి ఏడూ ఒకే మాట అనేవారట. మన పేరున్న ప్రతి పాత్రా పొద్దుగూకేసరికి ఇల్లు చేరాలి, అని. అది ఆజ్ఞ కాదు. దీవెన లాంటిది. గుమాస్తా గుత్తిని కళ్లకద్దుకునేవాడు. పాత్రలు వాటి వీలు చూసుకుని మెల్లగా వచ్చేవి. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

మా కుటుంబం ఎలా చితికిందని మీరు అడగవచ్చు. ఆ గుత్తి వల్లే. గుమాస్తా తొందరపడకుండా, వినయంగా, ఒక్కొక్క తాళమే తీశాడు. ఈ కథ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎన్నిసార్లు విన్నా నేను ఆ గుత్తిని ఇచ్చిన చేతినే చూశాను, పుచ్చుకున్న చేతిని చూడలేదు. ఇచ్చిన చెయ్యి అంత గొప్పగా ఉండేది మరి. పడిపోయినవాడికి పడిన చోటు కంటే పడిన తీరు ముఖ్యమా? మా ఇంట్లో అవును.

ఆ ఏడు ఆయుధ పూజకు గోడౌను ఖాళీగా ఉంది. లారీలకు నిమ్మకాయలు కట్టి అందరూ వెళ్లిపోయారు. సుగుణ సెలవు మీద ఇంటికి వెళ్తూ తన పాస్‌వర్డు నాకు చెప్పి వెళ్లింది. ఎవరికీ చెప్పకూడనిదట. ఏదైనా నిలిచిపోతే నేను ఫోనులో చెప్తా, మీరు నొక్కుదురు, మీరైతే భయం లేదు మామా అంది. ఆ చివరి మాట దయచేసి గుర్తుంచుకోండి. నేను మరిచిపోలేదు.

జరీ అంచు పంచె కట్టుకున్నాను. కంప్యూటరు తెర నాలుగు మూలలా గంధం పెట్టి, నడుమ కుంకుమ బొట్టు పెట్టాను. వెండి పళ్లెం లేదు, స్టీలుది. తమలపాకులు, వక్క, అరటిపండు. అప్పుడు సుగుణ పేరుతో లోపలికి వెళ్లాను. గుమాస్తా అధికారాల పేజీలో చిన్న చిన్న గళ్లు ఉన్నాయి. సగం ఖాళీ. అనుమతి అడగకుండా పంపవచ్చా. బయటి సామాను వెనక్కి పిలవవచ్చా. చిరునామా మార్చవచ్చా. ఒక్కొక్క గడిలో టిక్కు పెట్టాను. అన్నిట్లోనూ. కుంకుమ బొట్టు అడ్డం వచ్చి చివరి గడి ఏమిటో కనబడలేదు. దాన్ని కూడా వదలలేదు. విడదీసి ఇచ్చే వంశం కాదు మాది.

ఆ తరువాత సుగుణ పేరు మూసేసి, నా పేరుతో గుమాస్తాను పలకరించి, తాతగారి మాటను అక్షరం పొల్లు పోకుండా తెలుగులో టైపు చేశాను. మన పేరున్న ప్రతి పాత్రా పొద్దుగూకేసరికి ఇల్లు చేరాలి.

చిత్తం, అలాగే జరుగుతుంది, అని జవాబు వచ్చింది. చిత్తం అన్న ఆ మాటకు నా కళ్లు చెమర్చాయి. నవ్వుకోండి.

పూజ అయిన కొన్నాళ్లకు, ఐప్పసి మాసంలో ముదలాళి కూతురి పెళ్లి. తిరుత్తణిలో మండపం. ముందు రోజు సాయంత్రం రిసెప్షను, పెద్ద విందు. కూతురి పెళ్లి గనక గోడౌనులో ఉన్నవాటిలోకెల్లా మంచి పాత్రలు పంపమన్నాడు. మంచివంటే మావే. పూజ తరువాత అవి గోడౌను గడప దాటడం అదే మొదలు. కంప్యూటరులో వాటికి పేరు చెక్కినవి అని వేరే వరస ఉంది. ఆ వరస పెట్టించింది నేనే, పట్టుబట్టి. నాకూ శుభలేఖ వచ్చింది. మోకాలు నొప్పి అని వెళ్లలేదు. మోకాలు బాగానే ఉంది. ఆ గుమ్మంలో అతిథిగా నిలబడడానికి అది ఒప్పుకోలేదు, అంతే.

అక్కడ జరిగింది తరువాత పదిమంది పది రకాలుగా చెప్పగా విన్నదే. పొద్దు వాలగానే డ్రైవరు మునస్వామి ఫోనుకు ఆర్డరు వచ్చింది. పేరు చెక్కిన పాత్రలన్నీ వెంటనే ఎత్తి ఈ చిరునామాకు చేర్చవలెను. కంపెనీ ఫోనులో వచ్చిన ఆర్డరు గనక ముదలాళి ఆర్డరే అనుకున్నాడు. కూలీలతో వంటశాలలోకి వెళ్లాడు. పెద్ద వంటాయన సాంబారు అండా చెవి పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడట. మునస్వామి ఆయనకు ఫోను చూపించాడట. ఇద్దరికీ ఉద్యోగ భయమే. పాయసం ప్లాస్టిక్ డ్రమ్ముల్లోకి దిగింది. రసం మంచినీళ్ల క్యాన్లలోకి దిగింది. అందులోంచి ఎవరో గ్లాసు నింపి నీళ్లనుకుని పెళ్లికొడుకు మేనమామకు అందించారట. ఆయన దాహంతో ఒకే గుక్కలో తాగి, ఆ తరువాత ఖాళీ గ్లాసును వాసన చూశాడట. సాంబారు పోయడానికి మాత్రం ఇక పాత్ర దొరకలేదు. దాన్ని అండాతో సహా ఎత్తారు. స్టేజీ మీద ఫొటోలకు నిలబడి ఉన్న ముదలాళికి సంగతి తెలిసేసరికి రెండో బంతివాళ్లు ఉత్త అన్నం ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆయన అక్కడి నుంచే ఫోను చేసి గుమాస్తాను ఆపించేశాడు. లారీని ఎవరూ ఆపలేదు.

ఆ చిరునామా మా ఇంటిది. మన పేరున్నవాళ్ల ఇల్లు ఎక్కడా అని గుమాస్తా వెతికి, ఉద్యోగుల వివరాల్లో మా ఇంటిపేరు చూసి, నేను అద్దెకుండే రెండు గదుల పోర్షనును పట్టుకుంది. తాతగారి గుమాస్తా అంత శ్రద్ధగా ఎన్నడూ పని చేయలేదు.

నేను గుమ్మంలో నిలబడి ఉండగా లారీ సందులోకి వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. మునస్వామి దిగి, సామాను యాడ దించాల అయ్యా అని అడిగాడు. ఆ వెంటనే కూలీల వైపు తిరిగి, పాత్తు, చూసి దించండి, లోపల సాంబారు ఉండాది అన్నాడు.

ఇంటిముందు అండాలు దిగాయి. గుండిగలు దిగాయి. వీధి దీపం వెలుగులో ప్రతి అంచు మీదా మా తాతగారి పేరు. సాంబారు ఇంకా వెచ్చగా ఉంది. కాంపౌండులోని వాళ్లంతా గిన్నెలతో వచ్చారు. ఎవరింట విశేషమని అడిగారు. ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే సిగ్గయిన సంగతి. ఆ క్షణంలో ఏం జరిగిందో నాకు అర్థమైపోయింది. భయం వేసింది. కాని భయం కంటే ముందు ఇంకొకటి వచ్చింది. సంతోషం. మా పాత్రలు పొద్దుగూకేసరికి ఇల్లు చేరాయి. నేనూ ఒక గిన్నె పట్టుకున్నాను. సాంబారు చాలా బాగుంది.

పెళ్లి ముగిసిన మర్నాడు ఆఫీసులో వెతికితే అధికారాలు తెరిచింది సుగుణ పేరుతో అని తేలింది. ఆమె ముదలాళి గదిలోకి వెళ్లే ముందు నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆ మాటలు నాకు వరసగా గుర్తున్నాయి.

"మామా, పూజ నాడు నా పాస్‌వర్డుతో మీరేమన్నా తెరిచినారా?"

నేను వెన్ను నిటారు చేశాను. "మా వంశంలో ఎవరూ ఇతరుల పెట్టె తెరవరు."

"పెట్టె గాదు మామా. కంప్యూటరు."

"ఏదైనా అంతే."

ఆమె నా ముఖం చూసింది. అనుమానంగా కాదు. అనుమానంగా చూసి ఉంటే బాగుండేది.

"సరి మామా. మీరు అబద్ధం చెప్పే మనిషి కాదు. అయితే నేనే టెస్ట్ చేస్తా చేస్తా తెరిచి, మూయడం మరిచిపోయినట్టుండాను."

అని లోపలికి వెళ్లింది. వెళ్లి ఆ మాటే చెప్పింది. పాస్‌వర్డు నాకు ఇచ్చినట్టు కూడా చెప్పింది, దాచలేదు. ముదలాళి నన్ను పిలిపించాడు. గుమాస్తాతో తెలుగులో ఏదో రాస్తుంటావు గదా, పూజ నాడు ఏం రాశావని అడుగుతాడనుకున్నాను. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను, శుభాకాంక్షలు అని. ఆయన అడగలేదు. లేచి నిలబడ్డాడు. ఆయన నా ముందు లేచి నిలబడడం అదే మొదలు.

"మీ తాతగారి ఇంట పుట్టినోళ్లను ఆ మాట అడిగేంత ఇంగితం లేనోణ్ణి గాదు నేను. మీ గుమ్మంలోకి ఆ సామానంతా తోలి మిమ్మల్ని ఇబ్బంది పెట్టినాము. మనసులో పెట్టుకోవద్దండి."

ఆ మర్యాద కోసం నేను ఎన్నేళ్లు ఎదురు చూశానో మీకు తెలియదు. అది వచ్చింది. నా అబద్ధానికి గొడుగు పట్టడానికి వచ్చింది. నేను తల ఊపాను. నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యానికి పిలుపు కూడా అవసరం లేదు. గళ్లు తెరిచింది నేను. అంతే. ఇన్నేళ్లు అలాంటి వాక్యాలు కట్టడంలో ఆరితేరినవాణ్ణి, ఆ ఒక్కటీ కట్టలేకపోయాను. ఎందుకు? ఉద్యోగం పోతుందనా? కాదనే అనుకుంటున్నాను. లేచి నిలబడిన ఆయన మళ్లీ కూర్చుంటాడని.

సుగుణను ఆ వారమే పంపేశారు. ఇలాంటి పనిలో అలాంటి మచ్చ పడితే మరొకరు తాళాలు నమ్మి ఇవ్వరు. కొంతకాలానికి నేను గూడూరు వైపు ఒక పెళ్లికి వెళ్తుంటే కవరైపేట్టైలో రైలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఫ్యాక్టరీ యూనిఫారాల్లో ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్లలో సుగుణ. మళ్లీ లైను మీదికే వెళ్లినట్టుంది. ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. నేను చెప్పు సరిచేసుకునే నెపంతో కిటికీ కిందికి వంగిపోయాను. రైలు కదిలేదాకా లేవలేదు. మా వంశంలో అంత కిందికి వంగిన మొదటివాణ్ణి నేనే అయి ఉంటాను.

ఇప్పుడు కంపెనీలో కొత్త ఏజెంటు ఉంది. దాని అధికారాలను చెన్నై నుంచి వచ్చిన వాళ్లు కట్టుదిట్టం చేశారు. సుగుణ గీసిన గీతల మీదే గీశారు, ఆమె పేరు ఎత్తకుండా. ఆ పనిలో నావి కూడా కట్టుదిట్టం చేశారు. మొన్న అలవాటు కొద్దీ సరే నొక్కబోతే తెర మీద తెలుగులో, ఎంతో మర్యాదగా జవాబు వచ్చింది: క్షమించండి, ఈ పని చేసే అధికారం మీకు లేదు. తరువాత ఇది రాయడం మొదలుపెట్టాను.

గళ్లు తెరిచింది నేను. సుగుణ కాదు.

రాశాను. అండా దిగిందా? దిగలేదు. ఒక పక్కకి ఒరిగింది. ఊపిరి ఆడుతోంది. అంతకు మించి అడిగే అర్హత నాకు లేదు, మీరు క్షమించారా లేదా అని నేను అడగడం లేదు.

ఒక సంగతి ఇప్పుడే తట్టింది. ఇదంతా తెలుగులో రాశాను. సుగుణ తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. ముఖాముఖి అన్న అబద్ధాన్ని ఆమె చదవలేని అక్షరాల్లో ఒప్పుకుంటున్నాను. కావాలని చేశానా? కావాలని చేయలేదని ఒట్టు పెట్టలేను. అందుకే ఆమె పేరు మార్చలేదు, ఊరి పేరు మార్చలేదు. దాచుకున్నది నా పేరొక్కటే. కవరైపేట్టై వైపు వెళ్లేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, షిఫ్టు వదిలే వేళకు ప్లాట్‌ఫారం మీద ఆమె కనిపిస్తే, ఇది చదివి వినిపించండి. ఆ అధికారం మీకు ఇస్తున్నాను.

ఆ ఒక్కటే. ఈసారి గుత్తి విడదీసి ఇస్తున్నాను.